ఎస్కార్ట్ వెనుక చక్రాలు, వేల్స్ కంకర: 193 పరుగుల డైరీ

డర్ట్ ర్యాలీ 2.0 అనే కారు పందెం గేమ్‌లో, వెనుక చక్రాలే నడిపే ఫోర్డ్ ఎస్కార్ట్ మార్క్ 2 కారు వేల్స్‌లోని స్వీట్ ల్యాంబ్ స్టేజిలో (ర్యాలీలో గడియారంతో పోటీపడే దారి ముక్క) బొంగరంలా తిరగకుండా ఉండటానికి సెటప్‌లో, అంటే కారు సర్దుబాట్లలో, ఏమేమి మార్చానో ఇందులో రాశాను. చివరి జాబితా మాత్రమే కావలసినవారు దశ 6 కింద చూసుకోవచ్చు. అయితే ఆ జాబితా ఏడు వరుసలే. చేసినవి 19 మార్పులు. పోయిన పన్నెండింటి కథే ఎక్కువ పనికొస్తుందని నా అనుమానం.

ఈ కారే, ఈ చోటే ఎందుకంటే: 1972 నుంచి 1979 దాకా వరుసగా ఎనిమిదేళ్లు బ్రిటన్ ఆర్‌ఏసీ ర్యాలీ గెలిచింది ఎస్కార్ట్ కార్లే. వేల్స్ అడవి దారులు ఆ ర్యాలీకి పుట్టిల్లు లాంటివి. కాబట్టి ఈ కారుకు ఈ రోడ్డు పడదని తప్పించుకునే వీలు నాకు లేదు. పక్కకు జారినా, గుంటలో పడినా తప్పు నాది, లేదా నా సెటప్‌ది.

పనిముట్లు, కొలతలు

1. 900 డిగ్రీలు తిరిగే స్టీరింగ్ వీల్, పెడళ్లు. మామూలు రాత బల్లకు బిగించాను. బల్ల అంచు నున్నగా ఉండి పట్టు జారుతుంటే పాత సైకిల్ ట్యూబు ముక్క మధ్యలో పెట్టాను.
2. 200 పేజీల రూళ్ల పుస్తకం.
3. పైథాన్‌లో రాసుకున్న నలభై వరుసల ప్రోగ్రామ్. ఈ గేమ్ కారు వివరాలను యూడీపీ (నెట్‌వర్క్‌లో అంకెలు పంపే ఒక పద్ధతి) ద్వారా బయటికి పంపుతుంది. గేమ్ మూసి ఉన్నప్పుడు దాని హార్డ్‌వేర్ సెట్టింగ్స్ ఫైలు తెరిచి, యూడీపీ వరుసలో ‘ఎనేబుల్డ్’ దగ్గర ‘ట్రూ’ అనీ, ‘ఎక్స్‌ట్రా డేటా’ దగ్గర 3 అనీ పెట్టాలి. పోర్టు 20777. ఒక్కో విడతకు 264 బైట్లు వస్తాయి. నాలుగు బైట్లకొకటి చొప్పున 66 సంఖ్యలు.

సున్నా నుంచి లెక్కపెడితే 7వది కారు వేగం, 25 నుంచి 28 దాకా నాలుగు చక్రాల వేగాలు, 29 యాక్సిలరేటర్, 31 బ్రేకు, 33 గేరు. వేగాలన్నీ సెకనుకు మీటర్లలో ఉంటాయి. గంటకు కిలోమీటర్లు కావాలంటే 3.6తో హెచ్చవేయాలి.

ఒక్కో కారుకు స్లైడర్ విలువలు ఒక్కోలా ఉంటాయి కనుక ఈ డైరీలో అసలు అంకెలు రాయలేదు. గేమ్ ఇచ్చిన విలువను సున్నా అనుకున్నాను. అక్కడినుంచి స్లైడర్‌లో ఒక మెట్టును ఒక ‘గీత’ అన్నాను. కారు అడ్డం తిరిగి ఆగిపోతే ‘గిరికీ’. వెనుక చక్రాల వేగంలోంచి కారు వేగం తీసేస్తే మిగిలేది ‘జారుడు’.

దశ 1: ఎక్కడున్నానో తెలుసుకోవడం

టైమ్ ట్రయల్ (ఒంటరిగా గడియారంతో పోటీ), పొడి వాతావరణం, గేమ్ ఇచ్చిన సెటప్. స్టేజి పొడవు దాదాపు 10 కిలోమీటర్లు. ముందు రెండు పరుగులు దారి గుర్తుకు, తరువాతి పది లెక్కకు.

మొదట చేసిన పొరపాటు, అన్నిటికంటే మంచి సమయాన్ని ఆధారంగా రాసుకోవడం. 5:49.2 వచ్చింది. అది గాలివాటంగా వచ్చిన సమయమని, మిగతా తొమ్మిదిలో ఒక్కటీ దాని దరిదాపుల్లో లేదని పుస్తకంలో వరుసగా రాశాకే కనిపించింది. అన్నిటికంటే చెత్తది 6:21. అందుకని పది పరుగులను సమయాల వరుసలో పేర్చి, అయిదో ఆరో పరుగుల సగటు తీసుకున్నాను: 6:02.4. ఇకనుంచి ఈ డైరీలో ‘సమయం’ అంటే ఈ నడిమి సమయమే.

పది పరుగుల్లో గిరికీలు 14.

*ఇప్పటిదాకా: పరుగులు 12. మార్పులు 0. సమయం 6:02.4.*

దశ 2: వారం రోజుల తప్పు

కొత్తగా టెలిమెట్రీ (గేమ్ పంపే ఈ కారు అంకెలు) చదివేవాళ్లు ఈ ఒక్క దశ చదివి మిగతాది వదిలేసినా నాకు అభ్యంతరం లేదు.

నాలుగు చక్రాల వేగాల్లో మొదటిది ముందు ఎడమ, రెండోది ముందు కుడి అని ఊహించుకున్నాను. ఎవరైనా కారును ముందు నుంచే లెక్కపెడతారు కదా. ఆ ఊహతో గీసిన గ్రాఫుల్లో వెనుక చక్రాలు ముత్యాల్లా ఉన్నాయి, జారుడు దాదాపు లేదు. ముందు చక్రాలు మాత్రం అదుపు లేకుండా ఉన్నాయి. బ్రేకు వేసినప్పుడు వెనుకవి బిగుసుకుపోతున్నాయి. సరే, లోపం ముందు భాగంలో ఉందన్నమాట అని ఈ పనులు చేశాను:

1. ముందు స్ప్రింగులు రెండు గీతలు మెత్తన.
2. ముందు యాంటీ రోల్ బార్ (ఎడమ, కుడి చక్రాలను కలిపే కడ్డీ) రెండు గీతలు మెత్తన.
3. ముందు చక్రాల టో (చక్రాల మొనలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక గీత బయటికి.
4. వెనుక చక్రాలు బిగుసుకుంటున్నాయని బ్రేక్ బయాస్ (ముందు, వెనుక చక్రాల మధ్య బ్రేకు పంపకం) మూడు గీతలు ముందుకు.

కారు మలుపులోకి వెళ్తూ ఒకసారి మొండికేసేది, ఒకసారి ఉన్నట్టుండి తోక విసిరేది. సమయం 6:04.1. ముప్ఫై ఒక్క పరుగులు పోయాయి.

తప్పు బయటపడింది మలుపులో కాదు, స్టార్ట్ గీత దగ్గర. గ్రాఫును మొదటి రెండు సెకన్ల మీద పెద్దది చేసి చూశాను. కారు వేగం ఇంకా 2 దాటలేదు, ‘ముందు’ చక్రాలు రెండూ 15 చూపిస్తున్నాయి. ఇంజిన్ బలం ముందు చక్రాలకు చేరని కారులో, నిలబడ్డచోటనే ముందు చక్రాలు ఎలా తిరుగుతాయి? అసలు వరుస ఇది: వెనుక ఎడమ, వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. నేను కారును తలకిందులుగా చదివాను. బ్రేకు కింద బిగుసుకున్నవి ముందు చక్రాలు. వాటికే ఇంకా బ్రేకు పెంచి పెట్టాను.

నాలుగు మార్పులూ సున్నాకు తెచ్చాను. మీరు ప్రోగ్రామ్ రాసుకుంటే మొదటి పని ఇది: కారును నిలబెట్టి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి, ఏ రెండు అంకెలు ఎగిరితే అవి వెనుక చక్రాలు. అర నిమిషం పని.

*ఇప్పటిదాకా: పరుగులు 43. మార్పులు 4, నిలిచినవి 0. సమయం మళ్లీ 6:02.4.*

దశ 3: డిఫరెన్షియల్

ఈసారి గిరికీలను ఒక్కొక్కటిగా విప్పి చూశాను. దశ 1లో రికార్డు చేసిన 14 గిరికీల్లో, కారు తిరగడానికి అర సెకను ముందు నా కాలు ఎక్కడుంది? మూడింట్లో యాక్సిలరేటర్ 60 శాతం పైన ఉంది. పదకొండింట్లో 10 శాతం లోపు. నేను ఇంతకాలం అనుకున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎక్కువ తొక్కడం వల్ల తిరుగుతోందని భయపడి, ఇంకా ముందుగా కాలు తీసేస్తూ వచ్చాను. తీసినప్పుడే తిరుగుతోంది.

పక్క డ్రైవర్ చదివే నోట్స్‌లో ‘4 ఎడమ, తరువాత దిగుడు’ అని వస్తుంది (అంకె మలుపు ఎంత వంకరో చెబుతుంది). ఇలాంటి చోట జరిగేది చెబుతాను. మూడో గేరులో మలుపులోకి వస్తాను. లోపలి గట్టు దగ్గరవుతుంటే కాలు తీస్తాను. బరువు ముందుకు పడి వెనుక భాగం తేలికవుతుంది. వెనుక చక్రాలు రెండూ ఎవరికి వారే అన్నట్టు వేగం తగ్గించుకుంటాయి. గ్రాఫులో ఎడమది 16 దగ్గర, కుడిది 21 దగ్గర. ఆ తేడా కనిపించిన క్షణానికి స్టీరింగ్ ఎదురు తిప్పినా లాభం లేదు.

డిఫరెన్షియల్ అంటే ఏమిటో మా నాన్నకు చెప్పబోయి నేనే నేర్చుకున్నాను. ఆయనకు ఎస్కార్ట్ అంటే ట్రాక్టరే. తెర మీద కారు చూసి, “ఏమిరా, బండి మళ్లీ చేలో పడిందా?” అంటూ వచ్చి కూర్చున్నారు. వెనుక రెండు చక్రాలను కలిపి కట్టే లాక్ ఉంటుందని నేను మొదలుపెట్టగానే, “నాకు చెబుతావా?” అన్నారు. దమ్ము చేసేటప్పుడు ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతుంటే ట్రాక్టర్‌లో ఆ లాక్ పెడల్ తొక్కుతారు, రెండు చక్రాలూ కలిసి లాగి బండి బయటపడుతుంది. “గట్టు చివర మళ్లించేటప్పుడు అది వదలాలి. వదలకపోతే స్టీరింగ్ ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతుంది,” అన్నారు.

ఈ దశ మొత్తానికి ఆ రెండు వాక్యాలు చాలు. లాక్ ఎక్కువైతే కారు తిన్నగా పోతుంది, తక్కువైతే చక్రాలు విడిపోతాయి. గేమ్‌లో దీన్ని మూడు ముక్కలు చేసి ఇచ్చారు: యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పట్టే డ్రైవింగ్ లాక్, తీసినప్పుడు పట్టే బ్రేకింగ్ లాక్, ఈ రెండింటి నడుమ కూడా ఉండే ప్రీలోడ్ బిగువు.

చేసినవి, వరుసలో:

1. డ్రైవింగ్ లాక్ రెండు గీతలు తగ్గించాను. మలుపు నుంచి బయటపడేటప్పుడు లోపలి చక్రం ఒంటరిగా గిర్రున తిరిగింది. ఎడమ, కుడి చక్రాల తేడా సెకనుకు 6 మీటర్ల దాకా పోయింది. వెనక్కి.
2. డ్రైవింగ్ లాక్ ఒక గీత పెంచాను. జారినా రెండూ కలిసి జారుతున్నాయి, ఎంత జారుతుందో ముందే తెలుస్తోంది. ఉంచాను.
3. బ్రేకింగ్ లాక్ నాలుగు గీతలు పెంచాను. కాలు తీసినప్పటి గిరికీలు పూర్తిగా పోయాయి. హెయిర్‌పిన్ (దాదాపు వెనక్కి మళ్లే మలుపు) దగ్గర నాన్న చెప్పిందే జరిగింది. చక్రాలు తిప్పిన వైపు తిప్పినట్టే ఉన్నాయి, కారు నేరుగా గట్టులోకి. వెనక్కి.
4. బ్రేకింగ్ లాక్ రెండు గీతలు. హెయిర్‌పిన్‌లో హ్యాండ్‌బ్రేక్ కొంచెం ముందుగా లాగితే తిరుగుతోంది. ఉంచాను.
5. ప్రీలోడ్ ఒక గీత పెంచాను. తొక్కడానికి, తీయడానికి మధ్య వచ్చే కుదుపు మెత్తబడింది. సమయంలో తేడా 0.4 సెకన్లే, కాని చేతులకు హాయిగా ఉంది. ఉంచాను. హాయి లెక్కలోకి రాదనే వాళ్లు తీసేసుకోవచ్చు.

చివరి పది పరుగుల్లో గిరికీలు 5.

*ఇప్పటిదాకా: పరుగులు 89. మార్పులు 9, నిలిచినవి 3. సమయం 5:51.8.*

దశ 4: గేర్లు

తక్కువ పనితో ఎక్కువ ఫలితం ఇచ్చిన దశ. చెప్పడానికి మాత్రం పెద్దగా లేదు.

వంకర్ల రోడ్డు కాబట్టి పొట్టి గేర్లు (లాగుడు ఎక్కువ, వేగం తక్కువ) కావాలనుకుని ఫైనల్ డ్రైవ్‌ను (అన్ని గేర్లకూ కలిపి వర్తించే చివరి నిష్పత్తి) రెండు గీతలు పొట్టివైపు జరిపాను. కారు చురుగ్గా అనిపించింది, సమయం రెండు సెకన్లు పెరిగింది. ఒక్కో పరుగులో గేరు మార్పులు 141. రెండో గేరులో కాలు ఆనిస్తే చాలు, చక్రాలు కంకర తవ్వి పోసేవి. ఆ గేరులో సగటు జారుడు సెకనుకు 5.1 మీటర్లు.

సున్నాకు తెచ్చి, అక్కడినుంచి ఒక గీత పొడవువైపు జరిపాను. స్టార్ట్ దగ్గర 0.8 సెకన్లు పోయాయి. మిగతా దారంతా తిరిగి వచ్చాయి. గేరు మార్పులు 118కి, రెండో గేరు జారుడు 3.6కి దిగాయి. చక్రానికి అందే లాగుడు కాస్త తగ్గడంతో నా కాలి మొరటుతనాన్ని గేర్లే సర్దుకున్నాయి.

*ఇప్పటిదాకా: పరుగులు 107. మార్పులు 11, నిలిచినవి 4. సమయం 5:46.3.*

దశ 5: స్ప్రింగులు, డాంపర్లు

ఎక్కువ సమయం తిన్నది, తక్కువ ఇచ్చింది. ఒకసారికి ఒకే మార్పు అన్న నియమాన్ని మొదటి సాయంత్రమే తప్పాను. వెనుక స్ప్రింగులు రెండు గీతలు, వెనుక యాంటీ రోల్ బార్ రెండు గీతలు, రెండూ ఒకేసారి మెత్తన చేశాను. 1.1 సెకన్లు తగ్గింది. సంతోషించి దాని మీద ఇంకో మూడు మార్పులు కట్టాను: ముందు స్ప్రింగులు ఒక గీత గట్టి, వెనుక ఫాస్ట్ బంప్ (చక్రం ఒక్కసారిగా పైకి లేచినప్పుడు డాంపర్ అడ్డుకునే బలం) రెండు గీతలు మెత్తన, వెనుక రీబౌండ్ (చక్రం తిరిగి కిందికి దిగేటప్పుడు అడ్డుకునే బలం) ఒక గీత గట్టి. ఆ మేడ మీద ఏ అంతస్తు నిలబెడుతోందో, ఏది కూలుస్తోందో తెలియలేదు. సమయం పెరుగుతూ తగ్గుతూ పోయింది.

అంతా సున్నాకు తెచ్చి ఒక్కొక్కటిగా చూస్తే: బార్ ఒక్కటే మెత్తన చేస్తే 1.7 సెకన్ల లాభం. స్ప్రింగులు ఒక్కటే మెత్తన చేస్తే 0.6 నష్టం. మొదటి సాయంత్రం లాభమంతా బార్‌దే, స్ప్రింగులు అందులోంచి కొంత తినేశాయి.

కారణం ఇలా అర్థమైంది. బార్ పని ఎడమ, కుడి చక్రాలను ఒకదానికొకటి కట్టడం. మెత్తబడితే మలుపులో లోపలి చక్రం కూడా నేల మీదే ఆనుతుంది. స్ప్రింగు మెత్తబడితే కారు తోక కూడా కిందికి కూర్చుంటుంది. కూర్చుంటే ముందు చక్రాల మీద బరువు తగ్గి మలుపు తిరగదు. రీబౌండ్ గట్టి చేయడం మరీ తెలివితక్కువ పని. గుంట రాగానే చక్రం కిందికి జారి నేలను అందుకోవాలి, నేను దాన్ని పైనే పట్టి ఉంచాను.

అసలు ఎస్కార్ట్ వెనుక భాగంలో ఉండేది ఒకే గట్టి ఇరుసు. మన లారీల కింద కనిపించే కమాను పట్టీల లాంటివే దానికీ స్ప్రింగులు. ఒక చక్రం రాయెక్కితే రెండోదానికి ఆ సంగతి తెలిసిపోతుంది. ఇలాంటి ఇరుసు మీద మళ్లీ గట్టి బార్ ఎందుకు ఉంచాలని ముందే ఆలోచించి ఉంటే ఇరవై పరుగులు మిగిలేవి.

ఇదంతా టైమ్ ట్రయల్ సంగతి. ఛాంపియన్‌షిప్‌లో వేరే చిక్కు ఉంది. అక్కడ ముందు వెళ్లిన కార్లు రోడ్డును తవ్వుతాయి. ఆలస్యంగా బయలుదేరితే చక్రాల గాడులు లోతుగా ఉంటాయి. అక్కడ పరీక్షిస్తే సస్పెన్షన్ గ్రాఫు కొన్ని చోట్ల అడుగున బల్లపరుపుగా గీసుకుపోయింది. కారు కడుపు నేలకు కొడుతోందన్నమాట. ఎత్తును ఒక గీత పెంచితే ఆ బల్లపరుపు గీతలు ఎనిమిది నుంచి రెండుకు తగ్గాయి. టైమ్ ట్రయల్‌లో దీనివల్ల 0.3 సెకన్లు పోతాయి. ఇచ్చేశాను.

*ఇప్పటిదాకా: పరుగులు 159. మార్పులు 17, నిలిచినవి 6. సమయం 5:44.9.*

దశ 6: బ్రేకులు, కుర్చీ

బయాస్‌ను వెనక్కి రెండు గీతలు జరిపాను. ఒక పరుగులో అద్భుతం, తరువాతి పరుగులో ఏమీ మారలేదు. ఇంత గందరగోళం ఎందుకని బ్రేకు అంకెలు తీసి చూస్తే, పూర్తిగా తొక్కినా 1కి చేరడం లేదు. ఒకసారి 0.82, ఒకసారి 0.71.

పెడల్ పాడైందనుకుని విప్పి, తుడిచి, బిగించాను. అదే కథ. తరువాత కింద నేల మీద గీతలు కనిపించాయి. నా కుర్చీకి చక్రాలున్నాయి. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడల్లా పెడల్‌కు బదులు నేను వెనక్కి పోతున్నాను. వెనుక చక్రాల జారుడు గురించి నూట అరవై పరుగులు లెక్క వేసినవాడు కుర్చీ చక్రాల లెక్క చూసుకోలేదు.

1. పాత హవాయి చెప్పులు అయిదు తెచ్చి, కుర్చీ చక్రం ఒక్కోదాన్ని ఒక్కో చెప్పులో దించాను.
2. పెడళ్ల వెనుక గోడకు ఆనేలా ఒక పీట పెట్టాను.
3. మళ్లీ కొలిస్తే 0.97, 0.98, 0.97.

ఆ తరువాత బయాస్ రెండు గీతలు వెనక్కి అంటే మరీ ఎక్కువని తేలింది. బ్రేకు నిజంగా పడుతోంది కదా. ఒక గీతకు తగ్గించి ఉంచాను. పది పరుగుల్లో గిరికీలు 3.

*ఇప్పటిదాకా: పరుగులు 173, సుమారు 23 గంటలు. మార్పులు 19, నిలిచినవి 7. సమయం 5:42.0.*

నిలిచిన ఏడు:

1. డ్రైవింగ్ లాక్: ఒక గీత ఎక్కువ
2. బ్రేకింగ్ లాక్: రెండు గీతలు ఎక్కువ
3. ప్రీలోడ్: ఒక గీత ఎక్కువ
4. ఫైనల్ డ్రైవ్: ఒక గీత పొడవు
5. వెనుక యాంటీ రోల్ బార్: రెండు గీతలు మెత్తన
6. ఎత్తు: ఒక గీత ఎక్కువ
7. బ్రేక్ బయాస్: ఒక గీత వెనక్కి

క్యాంబర్ (చక్రం నిలువు నుంచి పక్కకు ఒరిగే కోణం) ముట్టుకోలేదు.

దశ 7: ఇవే గీతలు లాన్సియాకు

అదే స్టేజి, లాన్సియా 037. 1983లో తయారీదారుల ప్రపంచ టైటిల్ గెలిచిన కారు. వెనుక చక్రాల కారుకు ఆ టైటిల్ దక్కడం అదే ఆఖరుసారి. ఎస్కార్ట్ ఇంజిన్ ముక్కులో ఉంటుంది, దీనిది డ్రైవర్ వీపు వెనుక, సూపర్‌చార్జర్‌తో. ఏడు మార్పులూ యథాతథంగా పెట్టి పది పరుగులు తీశాను. గిరికీలు 9.

ఆ తొమ్మిదిలో ఎనిమిది, బ్రేకు మీద కాలు ఉండగానే. బరువంతా మధ్యలో, కొంచెం వెనగ్గా ఉన్న కారు తిరగడం మొదలుపెడితే ఆపడం కష్టం. బయాస్ వెనక్కి జరిపి ఆ తిరగడాన్ని నేనే మొదలుపెట్టిస్తున్నాను. బయాస్ ఒక్కటే సున్నాకు తెచ్చి ఇంకో పది పరుగులు: గిరికీలు 4.

మొత్తం పరుగులు 193. బ్రేకింగ్ లాక్‌ను మూడో గీతకు పెంచడం రేపటి పని. అంతకంటే ముందు ఒక చెప్పు నాన్న వేసుకుని వెళ్లిపోయారు, దాని బదులు ఇంకోటి వెతకాలి.